నాలుగో కుప్ప

ఎదురింటి ఇస్త్రీ ఆవిడ బట్టలు మడతపెడుతూ చెల్లెలితో అందట. ఆ చెల్లెలు పాలు పోయించుకుంటూ పాలావిడ చెవిన వేసిందట. పాలావిడ నుంచి అత్త దాకా వచ్చేసరికి ఆ మాటకు కాళ్లూ చేతులూ కూడా మొలిచాయి. పాత సామాన్ల కొట్టు కాటావిడ పట్టపగలు బళ్లోకి చొరబడిందట. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త బల్లని ముక్కముక్కలు చేసిందట. ఆ ముక్కల్ని కుప్పలు పోసి, పెద్ద టీచరు ఎదురుగానే వాటికి బేరం కూడా పెట్టిందట.

"నిజమేనా?" అని అడిగింది అత్త, సీసాల మూతలు ఊడబీకుతున్న చెయ్యి ఆపకుండానే.

కాటావిడ పాత పేపర్ల కట్టని కాటా మీద పెట్టి, ముల్లు ఊగడం మానేదాకా చూసింది.

"బేరం పెట్టానన్నది ఒక్కటే అబద్ధం," అంది.

"అంత పనీ చేసినదానివి ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశావే!" అంది అత్త.

అందులో ఎత్తిపొడుపు ఎంతో మెచ్చుకోలు ఎంతో తూచి చెప్పడం ఆ కాటా వల్ల అయ్యే పని కాదు.

అసలు సంగతి రెండు రోజుల వెనక, బుధవారం సాయంత్రం మొదలైంది. మేకు బడి నుంచి మూతి ముడుచుకుని వచ్చింది. మేకు అంటే కాటావిడ కూతురు. ఆరేళ్లది. మనిషి సన్నగా నిటారుగా ఉండి, తల ఒక్కటే గుండ్రంగా ఉందని వాళ్ల నాన్న పెట్టిన పేరు అది. బళ్లో రాయించిన పేరు సంగతి హాజరు పట్టీకి తప్ప వీధిలో ఇంకెవరికీ తెలీదు.

"అందరికీ చీటీలిచ్చారు. నాకివ్వలేదు," అంది మేకు సంచీ విసిరేసి.

"ఏం చీటీలే?"

"రేపు నాలుగింటికి అమ్మానాన్నలు రావాలంట. మా క్లాసుకి కొత్త బల్లలు కొంటారంట. అవి పాతబడ్డాక మళ్లీ కొత్త వస్తువులైపోతాయంట."

"మరి నీకెందుకివ్వలేదు?"

"నేనూ అడిగా. మీ అమ్మ ఎలాగూ వస్తుందిగా, పాత బల్లలు ఎత్తుకెళ్లడానికి, అంది టీచరు."

అది నిజమే. పొద్దున్నే బడి ఆయా కొట్టు దాకా వచ్చి, గురువారం నాలుగింటికి బండి వేసుకుని వెనక గేటు దగ్గరికి రమ్మని చెప్పి వెళ్లింది. అప్పుడు కాటావిడ సరేనంది. ఇప్పుడు కూతురి మాట విన్నాక, ఆ సరేని వెనక్కి తీసుకోవాలనిపించింది.

ఆ బల్లల గురించి ఆమె చెప్పాలనుకున్న మాట ఒకటుంది. రెండు నెలల కిందట మేకు మరిచిపోయిన నీళ్ల సీసా ఇవ్వడానికి వెళ్లి కిటికీలోంచి చూసింది. పెద్ద తరగతుల వాళ్లు వాడి వదిలేసిన బల్లలు. వాటి మీద ఒకటో తరగతి పిల్లలు ఇరవై నలుగురు. నలభై ఎనిమిది కాళ్లు నేలకి బెత్తెడు పైన, తీగ మీద ఆరేసిన మేజోళ్లలా వేలాడుతున్నాయి. మేకు తన పుస్తకాల సంచీని కింద నిలబెట్టి దాని మీద బొటనవేళ్లు ఆనించి రాస్తోంది. సంచీ ఒరిగినప్పుడల్లా అక్షరమూ ఒరుగుతోంది. సాయంత్రానికి పిక్కలు లాగుతున్నాయని ఇంట్లో గొడవ. ఈ మాట ఎవరికి చెప్పాలో కాటావిడకి తెలియలేదు. ఇప్పుడు చెప్పే చోటు దొరికింది, చీటీ దొరకలేదు.

గురువారం నాలుగింటికి ఆయా వెనక గేటు తెరిచి, "వరండాలో ఉన్నవన్నీ," అని చెయ్యి ఊపి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది. వరండాలో పదకొండు పాత బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. వాటి చివర, సగం విప్పిన అట్టపెట్టెలో, చిన్న పచ్చ బల్ల. దానికే అతికించిన చిన్న పీట. మూల కొద్దిగా గీరుకుపోయింది. పైన ఆకు బొమ్మ.

కొత్తదని ఆమెకి అనుమానం రాలేదా అంటే, ఆ కొట్టుకి కొత్తవి రాకపోతే కదా! మూత తియ్యని మిక్సీలు, ఒక్కసారీ తొక్కని సైకిళ్లు, అన్నీ వస్తాయి. జనం ఎందుకు పారేస్తారో అడగడం ఆమె ఎప్పుడో మానేసింది. పైగా దేన్నయినా ఉన్నచోటే విడదీయడం ఆమె పద్ధతి. విడదీయకుండా బండెక్కిస్తే సగం బండి గాలినే మోసుకెళ్తుంది.

ముందు పచ్చ బల్లని వెల్లకిలా పడేసింది. ఏ వస్తువు గుట్టయినా అడుగునే ఉంటుంది. స్క్రూ మరల కోసం వేళ్లతో తడిమింది. ఒక్కటీ లేదు. ప్లాస్టిక్ మూతలు పీకి చూసింది. కింద జిగురు. కీళ్ల దగ్గర పిన్నులు కొట్టి ఉన్నాయి. పటకారుతో పిన్నులు లాగింది, అతుకులో స్క్రూడ్రైవరు దూర్చి అరచేత్తో ఒక్కటి కొట్టింది. పచ్చరంగు పొర కాచిన పాల మీద మీగడలా లేచి వచ్చింది. దాని కింద ఉన్నది చెక్క కాదు, జిగురులో తడిపి అదిమిన రంపపు పొట్టు. కాలు విరిస్తే గుప్పెడు పొట్టు ఆమె చెప్పుల మీద రాలింది.

పావుగంటలో నాలుగు కుప్పలయ్యాయి. ఇనుప పిన్నులూ రెండు పట్టీలూ గుప్పెడు. ప్లాస్టిక్ మూతలు దోసెడు. అట్టపెట్టె శుభ్రంగా మడతపెట్టి ఒక పక్కన. నాలుగోది, పొర అంటుకుపోయిన పొట్టు చెక్క, మోకాలెత్తు.

లోపలి గదిలోంచి మైకు లేకపోయినా మైకు ఉన్నట్టు మాట్లాడే గొంతు ఒకటి వినిపిస్తోంది. "నూటికి నూరు పాళ్లు పర్యావరణ హితమండీ. పాతబడ్డాక మొత్తం రీసైకిల్ అయిపోతుంది. రండి, నమూనా చూద్దురుగాని!"

తలుపు తెరుచుకుంది. మెళ్లో టై కట్టుకున్న కంపెనీ మనిషి ముందు, ఆయన వెనక పెద్ద టీచరు, బడి కమిటీకి పెద్దగా ఉండే మందుల షాపాయన, వాళ్ల వెనక చేతుల్లో చీటీలతో తల్లులూ తండ్రులూ.

"ఇదిగో..." అని చెయ్యి చాపిన కంపెనీ మనిషి అలాగే ఉండిపోయాడు. "ఏదీ? నా బల్లేదీ?"

కాటావిడ కుప్పల వంక చూసింది, ఆయన వంక చూసింది. చేతిలో పటకారు మెల్లగా వీపు వెనక్కి పోయింది. "వరండాలో ఉన్నవన్నీ అన్నారండీ..."

వెనకెవరో కిసుక్కుమన్నారు. మందుల షాపాయన కళ్లు పెద్దవి చేశాడు. "బుద్ధుందా నీకు? కొత్తదో పాతదో తెలీదా?"

పెద్ద టీచరు మాత్రం కళ్లజోడు సర్దుకుని కుప్పల దగ్గర గొంతుక్కూర్చుంది. పిల్లలు మట్టిబొమ్మలు చేసినప్పుడు కూడా ఆవిడ అలాగే కూర్చుంటుంది.

"ఈ నాలుగూ ఎందుకిలా వేరు చేశావు?"

"ఇది ఇనుప కొట్టుకి పోతుందండి. ఇది ప్లాస్టిక్ కరిగించే చోటికి. అట్ట కాగితం మిల్లుకి."

"ఇది?" అంటూ మోకాలెత్తు కుప్పని వేలితో పొడిచింది.

"అది ఎక్కడికీ పోదండి."

"ఊరికే ఇస్తే?"

"ఊరికే ఇచ్చినా నాకొద్దండి. దాన్ని దించుకోవడానికి మా కొట్టులో చోటుండొద్దూ? చెక్క అని ఇస్తే చెక్క వాళ్లు జిగురుందంటారు. ప్లాస్టిక్ అని ఇస్తే వాళ్లు పొట్టుందంటారు. పొయ్యిలో పెడితే కళ్లు మండిపోతాయి."

"అది మామూలు వాళ్లు చేసే పని కాదు. దానికి ప్రత్యేకమైన ఫ్యాక్టరీ ఉంది," అన్నాడు కంపెనీ మనిషి.

"ఎక్కడుందండీ?" అని పెద్ద టీచరు తలెత్తింది.

కంపెనీ మనిషి టై సర్దుకున్నాడు. "కనుక్కుని చెప్తానండి. ముందు నా నమూనా సంగతి చూడండి. ఎలా విప్పిందో అలా బిగించమనండి!"

"మర వేసి ఉంటే మర బిగిస్తానండి," అంది కాటావిడ మర్యాదగానే. "అంటించినదాన్ని చింపడమే ఉంటుంది కానీ విప్పడం ఉండదు కదా."

మందుల షాపాయన చేతులు దులిపాడు. "బాగుంది వరస! పాత సామాన్లావిడ మాట పట్టుకుని కొత్త సామాను కొంటామా?"

"కొత్తదంతా చివరికి ఈవిడ దగ్గరికే కదండీ చేరేది," అంది పెద్ద టీచరు లేస్తూ. "ముందే అడిగితే ఏం పోయింది? శనివారం ఇంకో రెండు మూడు రకాలు చూద్దాం. ఏది తెచ్చినా ఈవిడ మన ముందే విప్పాలి, మళ్లీ బిగించాలి. వీలైందో సరే, కాలేదో వాళ్ల దారి వాళ్లది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో చోటు దొరికిందనుకుని కాటావిడ ఒక అడుగు ముందుకు వేసింది. "టీచరమ్మా, ఇంకో మాట. పిల్లల కాళ్లు..."

"శనివారం చూద్దామమ్మా, శనివారం," అంటూ పెద్ద టీచరు అప్పటికే తలుపు దాటింది.

శుక్రవారం పొద్దున్న అత్తకి కథంతా అప్పజెప్పడం పూర్తయ్యేసరికి వీధి మొహమే మారిపోయింది. ముందు పక్కింటి మేస్త్రి వచ్చి, కూతురి కోసం ఒక చదువుకునే కుర్చీ చూశామనీ, కొట్లో అది పచ్చదనానికి మంచిదని చెబుతున్నారనీ, ఒకసారి వచ్చి చూడమనీ అడిగాడు. తర్వాత పాలావిడ తన కొడుకు బల్ల విరిగిన కాలు పట్టుకొచ్చి, "ఇది ఏ కుప్పలోది?" అంది. తీరా పదింటికి ఇస్త్రీ ఆవిడ, మాట పుట్టించిన మనిషి, తడిచేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఏం వదినా, మా పిల్లాడికో బల్ల చూశాం. రేపెప్పుడైనా కాస్త వచ్చి..."

"ముక్కలు చెయ్యమంటావా?" అంది అత్త మూతల బుట్టలోంచి తలెత్తకుండా.

"అయ్యో, అలా అన్నానా పిన్నీ?"

"నువ్వనలేదులే. నువ్వు చెప్పిందల్లా బేరం పెట్టిందని."

ఇస్త్రీ ఆవిడ మొహం ఇస్త్రీ పెట్టెలా వేడెక్కింది. కాటావిడ నవ్వాపుకోలేక పేపర్ల కట్ట చాటుకి వంగింది. తర్వాత బయటికొచ్చి, "ఏం లేదు వదినా, కొట్లో బల్లని తిరగేసి అడుగు చూడు. మర తలలు కనబడితే కొను. జిగురు కనబడితే నమస్కారం పెట్టి వచ్చెయ్యి," అని చెప్పి పంపింది. ఇలాంటి మాట చెప్పమని తనని ఒకరు అడగడం ఆమెకి ఇదే మొదలు. పొద్దుటి నుంచి ముగ్గురు అడిగారు. ఇనప రేకులు సర్దుతుంటే చేతులు తేలిగ్గా ఆడుతున్నాయి.

మధ్యాహ్నం వడ్రంగి వచ్చాడు. బడి తలుపులు బాగుచేసేది అతనే. పాత బోల్టుల డబ్బా ముందు కూర్చుని ఒకేలాంటివి ఏరుకుంటున్నాడు. ఏరిన ప్రతి బోల్టుకీ మర తిప్పి చూసి, తుప్పు ఉంటే పక్కన పెడుతున్నాడు.

"పెద్ద టీచరు నన్నూ ఒక బల్ల చెయ్యమంది అక్కా. ఎంత ఎత్తు అనడిగితే 'పిల్లలకి' అంది. పిల్లలంటే కొలతా?"

"చెక్క ఏం వేస్తున్నావు తమ్ముడూ?"

"పడగొట్టిన ఇళ్ల తలుపులున్నాయి. ఎన్నేళ్లు ఎండలో వానలో నిలబడ్డ చెక్కో! ఇంక వంగమన్నా వంగదు. జిగురు ముట్టను. బోల్టులే."

సరిగ్గా అప్పుడే మేకు భోజనానికి ఇంటికొచ్చింది. చెయ్యి ఎత్తి ఒక కాగితాన్ని జెండాలా పట్టుకుంది.

"నాకూ ఇచ్చారు! నాకూ ఇచ్చారు!"

కాటావిడ చేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం అందుకుంది. బరువుల అంకెలు కళ్లు మూసుకుని కూడా చదవగలదు కానీ, వాక్యాల దగ్గర కూడబలుక్కోవాలి. రేపు పదింటికి రావలసిందిగా మనవి అని ఉంది. ఆ పైన, మొదటి వరసలో, చేత్తో రాసిన రెండు మాటలు. తల్లి గారికి.

రెండోసారి చదివింది. తర్వాత ఏమనుకుందో, ఆ చీటీని తీసుకెళ్లి కాటా మీద పెట్టింది.

"ముల్లు కదల్లేదే," అంది అత్త.

"కదిలింది. నీకు చత్వారం."

అత్త చేతిలో మూతని మామూలు కంటే గట్టిగా బుట్టలోకి విసిరింది. అత్త మురిసిపోయినప్పుడు అంతే చేస్తుంది.

వడ్రంగి టేపు బయటికి లాగాడు. "ఇలా రావే మేకూ. ఈ డబ్బా మీద కూర్చో. మీ టీచరు చెప్పని కొలత నువ్వు చెబుదువుగాని." మడమ నుంచి మోకాలు దాకా, మోకాలు నుంచి నడుం దాకా, మోచెయ్యి ఎంతెత్తున ఆగుతుందో అక్కడి దాకా. టేపు చల్లగా తగిలినప్పుడల్లా మేకు కితకితలతో మెలికలు తిరిగింది. "కదలకు, కదిలితే బల్లకి వంకర కాళ్లొస్తాయి," అని బెదిరించి, అంకెలు అరచేతి మీద రాసుకుని, పెన్సిలు చెవి మీద దోపుకున్నాడు. కాటావిడ ఆ అరచేతి వంకే చూస్తూ నిలబడింది. రెండు నెలలుగా తన నోట్లో ఉండిపోయిన మాట ఇప్పుడు ఇంకొకరి చేతిలో అంకెలై కూర్చుంది.

శనివారం ఆమె ముందు గేటు నుంచి వెళ్లింది. ఆయా అలవాటుగా, "బండి వెనక్కి..." అనబోయి, చేతిలో చీటీ చూసి, ఆ మాట మింగేసి గేటు రెండో రెక్క కూడా తెరిచింది. పనిముట్ల సంచీ ఒక భుజాన ఉంది, అది వేరే సంగతి.

ముందు గదిలో కుర్చీలన్నీ గోడ వైపు జరిపి, మధ్యలో మూడు నమూనాలు పెట్టారు. కిటికీల నిండా ఒకటో తరగతి పిల్లల తలకాయలు. పదకొండింటికి వాళ్లకి బడి వదలాలి, కానీ పది నుంచే లెక్కలు గాల్లోకి పోయాయి.

మొదటిది మళ్లీ పచ్చ బల్లే. కంపెనీ మనిషి ఈసారి గర్వంగా, "మర తలలు చూడండి, నాలుగు మూలలా," అన్నాడు. నిజంగానే మెరుస్తున్నాయి. కాటావిడ స్క్రూడ్రైవరు ఆనించి తిప్పింది. మర తిరగలేదు. గోటితో గిల్లింది. మర తల ఊడి చేతిలోకి వచ్చింది. వెనకాల ఏమీ లేదు, అంటించిన బిళ్ల అంతే. కిటికీల దగ్గర పిల్లలు "హే!" అని అరిచారు. ఆమె ఆ నాలుగు బిళ్లలూ ఏరి ఆయన అరచేతిలో పెట్టింది. "జాగ్రత్తండి, పిల్లలు మింగుతారు." ఆయన టై సడలించుకుని బల్ల చంకన పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మిగతావి ఎలా విప్పుతుందో చూద్దామని అక్కడే నిలబడిపోయాడు.

రెండోది మందపాటి అట్టతో చేసింది. తెచ్చినామె కళ్లు మెరిసే వయసులో ఉంది, తనే గీసి, తనే కోసి, మడతపెట్టి చేసిందట. జిగురు లేదు, మర లేదు. మడతలే ఒకదాంట్లో ఒకటి దూరతాయి. కాటావిడ విప్పింది, మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది. మొహం విప్పారింది.

"అబ్బ, ఎంత బాగా చేశావమ్మా! చూపు మరల్చుకోలేకపోతున్నా."

"అయితే ఇదే తీసుకోవచ్చా?" అంది పెద్ద టీచరు.

కాటావిడ కిటికీ వైపు తిరిగి, "మేకూ, నీ నీళ్ల సీసా ఇటివ్వు," అంది. మేకు సీసా ఎప్పుడూ కారుతుంది. దాన్ని బల్ల మీద పెట్టి, పది నిమిషాలు ఆగమంది. పది నిమిషాల తర్వాత సీసా ఎత్తితే దాని కింద అట్ట మెత్తబడి గుంటపడింది. ఆమె వేలు ఆనిస్తే వేలు కూడా దిగింది.

"నాకైతే దీని మీద చాలా ఇష్టంగా ఉందండి," అంది కాటావిడ ఒప్పుకోలుగా. "వచ్చే నెలకే మొత్తం నా కాటా మీదకి వచ్చేస్తుంది."

గది పగలబడి నవ్వింది. అట్ట బల్ల ఆమె కూడా నవ్వేసింది. "తడవకుండా ఏం చెయ్యాలో చూస్తాను. ప్లాస్టిక్ పొర వేస్తే?"

"వేశావో, అది నాలుగో కుప్ప!" అన్నారు నలుగురైదుగురు తల్లులు ఒక్క గొంతుతో. గురువారం నుంచి ఈ మాట ఎంత దూరం పోయిందో అప్పుడు కాటావిడకి అర్థమైంది. సిగ్గుతో పటకారు తుడుచుకుంది.

మూడోది వడ్రంగిది. రంగు లేదు, నూనె వాసన వేస్తోంది. ఒక పలక మీద పాత తలుపు గడియ ఉండిన చోట గుంట అలాగే ఉంది. అది పెన్సిలు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోయేలా దాన్ని పైకి తెచ్చి బిగించాడు.

"ఆకు బొమ్మ ఏదయ్యా?" అన్నాడు మందుల షాపాయన.

"చెట్టే ఉంది కదండీ అందులో. ఇంక ఆకెందుకు?" అన్నాడు వడ్రంగి.

కాటావిడ బల్లని వెల్లకిలా వేసింది. పన్నెండు బోల్టులు, అన్నీ ఒకే కొలత. అంటే ఒకే పానా చాలు. ఆమె పానా తీసి ఒక బోల్టు సడలించింది. తర్వాత ఎందుకో ఆగి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది. "మేకూ, లోపలికి రా. నువ్వు విప్పు."

మేకు ఒక్కతే రాలేదు. ఆ పిల్ల వెనకాల గొలుసుకట్టులా ఆరుగురు వచ్చారు. నాలిక బయటపెట్టి, రెండు చేతులతో పానా పట్టుకుని, మేకు బోల్టులు విప్పుతుంటే, మిగతావాళ్లు వాటిని ఒకటీ రెండూ అని ఏరి వరసగా పెట్టారు. పన్నెండూ వచ్చాయి. కాళ్లు ఒక పక్కన, పలకలు ఒక పక్కన, బోల్టులు ఒక పక్కన. పొట్టు రాలలేదు, ఏదీ చిరగలేదు. నాలుగో కుప్ప లేనే లేదు. మళ్లీ బిగించేటప్పుడు ఒక కాలు తలకిందులుగా పెట్టారు. దానికి పెద్ద తగవు పడి, వాళ్లే దిద్దుకున్నారు. వడ్రంగి చేతులు కట్టుకుని చూస్తున్నాడు, అతని పెదవులు మాత్రం ప్రతి మర తిప్పుతోనూ తిరుగుతున్నాయి.

బిగించడం అయిపోగానే మేకు పీట మీద కూర్చుంది. పలక మీద మోచేతులు ఆన్చింది. అరికాళ్లు రెండూ నేల మీద పూర్తిగా పరుచుకున్నాయి. తను నమ్మనట్టు కిందకి వంగి చూసుకుంది. ఒక మడమ ఎత్తి నేలకేసి టకామని కొట్టింది. రెండోది కొట్టింది. తర్వాత రెండూ. టకటకా టకటకా. మిగతా పిల్లలు వరసలో నిలబడ్డారు, ఒక్కొక్కరూ కూర్చోవడం, నేలని ఓసారి వాయించడం, దిగడం. మేకు రెండోసారి వరసలో దూరుతుంటే దొరికిపోయింది. బల్లని అలాగే వరండాలోకి మోసుకుపోయారు, పెద్ద టీచరు ఆపేలోపే.

తీర్మానానికి ఇంక చర్చ అక్కర్లేకపోయింది. పెద్ద టీచరు కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. తలుపు చెక్క. బోల్టులు. జిగురు లేదు. ఇరవై నాలుగు. "ఇంక ఎత్తు," అంటూ కలం ఆపింది.

"ఎత్తు దగ్గర కాస్త ఆలోచిద్దాం," అన్నాడు మందుల షాపాయన. "ఇది మరీ పొట్టిగా ఉంది. పెద్దవి చేయిస్తే ఇవే పిల్లలు ఐదో తరగతి దాకా కూర్చుంటారు. చొక్కాలు మనం వదులుగా కుట్టించం? బూట్లు ఒక సైజు ఎక్కువ కొని ముందు దూది కూరం? ఒక్కసారి చేయించి ఎక్కువ కాలం వాడటమే కదా అసలైన పర్యావరణం!"

తండ్రులు తలలూపారు. తల్లులు కూడా ఊపారు, ఎవరింట్లో చూసినా వదులు చొక్కాలే. పెద్ద టీచరు సైతం, "అదీ నిజమే," అంటూ కలం కాగితానికి దగ్గరగా తెచ్చింది. వడ్రంగి తన అరచేతి వంక చూసుకుని, ఆ చేతిని జేబులో పెట్టేసుకున్నాడు.

"టీచరమ్మా," అంది కాటావిడ. "ఎత్తు గురించి నేనొకటి..."

"నువ్వు చెప్పాల్సింది బ్రహ్మాండంగా చెప్పావమ్మా, కాదనను," అన్నాడు మందుల షాపాయన, నిజంగా మెచ్చుకుంటూనే. "సామాను సంగతి నీకు తెలిసినట్టు మాకెవరికీ తెలీదు. పిల్లల సంగతి మటుకు తల్లిదండ్రులం మేం చూసుకుంటాం. ఎదిగే పిల్లలు కదా!"

వరండాలోంచి టకటకా టకటకా వినిపిస్తోంది. ఇప్పుడు ఎవరి వంతో.

కాటావిడ పనిముట్ల సంచీ నేల మీద పెట్టింది. చీటీ బయటికి తీసి, మడత విప్పి, 'తల్లి గారికి' అన్న వరస ఆయన వైపు ఉండేలా పెద్ద టీచరు రాస్తున్న మేజా మీద పరిచి, అరచేత్తో ఒకసారి సాపు చేసింది.

"ఎదుగుతారండి," అంది. "ఎదిగేదాకా కాళ్లెక్కడ పెట్టుకోమంటారు?"